దేవుణ్ణి నమ్మని పిల్లాడిలో దయ ఉంటుందా?

ప్రశ్న: "మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఈమధ్య దేవుడు లేడంటున్నాడు, గుడికి రానంటున్నాడు. తిట్టినా బతిమాలినా లాభం లేదు. గుడికి రాకపోతే పోనీ అనుకుంటాను గానీ, పాపభీతి లేని మనిషికి దయ, నీతి ఎక్కడి నుంచి వస్తాయి? మంచితనం మతం వల్ల వస్తుందా, మనిషిగా పుట్టినందుకే ఉంటుందా? వాళ్ళ నాన్నగారు వాడితో మాట్లాడటం మానేశారు. రేపు వీడు ఎలాంటి మనిషవుతాడోనని నాకు నిద్ర పట్టడం లేదు."

జవాబు:

అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. దేవుణ్ణి నమ్మనంత మాత్రాన పిల్లలు చెడిపోరు. ఎదుటి మనిషి బాధపడుతుంటే మన కడుపులో ఏదో కదులుతుంది చూడండి, దయకి మొదలు అదే. దానికి ఏ మతం అనుమతీ అక్కర్లేదు. అలాగని "మతంతో పనేముంది, మానవత్వం ఉంటే చాలు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళ మాట కూడా నేను ఒప్పుకోను. ఆ కదలికని అలవాటుగా మార్చడం, దానికి ఒక కథ, ఒక వేళ, నలుగురి తోడు ఇవ్వడం అన్న పని మతాలు వందల ఏళ్ళుగా చేస్తున్నాయి. "నీ దయ ఇంతవరకే, అవతలివాళ్ళు మనవాళ్ళు కారు" అని గీత గీసిందీ అవే మతాలు. అందుకని మీవాడు దేన్ని నమ్ముతున్నాడు అన్న ప్రశ్నని కాసేపు పక్కన పెట్టి, వాడి దయ ఎవరి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతోందో చూడండి అంటాను. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

నేను చాలా ఏళ్ళు ఒక పెద్దాసుపత్రిలో నేత్రదానం కౌన్సెలర్‌గా పనిచేశాను. ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే వాళ్ళ ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళి "కళ్ళు దానం చేస్తారా" అని అడగడమే మా ఉద్యోగం. వినడానికే కష్టంగా ఉంటుంది, అడగడం ఇంకా కష్టం. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు కార్నియా అనే కంటి పొర తీయాలి కాబట్టి రేపు వచ్చి మాట్లాడతామంటే కుదరదు. ఏడుపుల మధ్యే వెళ్ళాలి. ఒకపక్క అంబులెన్స్ బేరం నడుస్తుంటుంది, యాక్సిడెంట్ కేసైతే పోలీసులు పంచనామా రాస్తుంటారు, ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మేము ముందు పక్కన కూర్చుంటాం. మంచినీళ్ళు ఇస్తాం. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో గమనిస్తాం. తర్వాత మెల్లగా చెబుతాం: చాలాచోట్ల ఇప్పుడు గుడ్డు మొత్తం తీయరు, నల్లగుడ్డు పైన ఉండే పారదర్శకమైన పొర మాత్రమే తీస్తారు, పావుగంట ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, మొహం పాడవదు, శవాన్ని చూసేవాళ్ళకి తేడా తెలియదు అని.

మీరడిగిన ప్రశ్నకి ఇంతకన్నా నికార్సైన పరీక్ష నాకు తెలియదు. ఎందుకంటే ఇచ్చేవాళ్ళకి తిరిగొచ్చేది ఏమీ లేదు. డబ్బు ఇచ్చినా తీసుకున్నా చట్టప్రకారం నేరం. ఆ కళ్ళు ఎవరికి పెట్టారో ఇంటివాళ్ళకి చెప్పరు. పెట్టించుకున్నవాళ్ళకి ఇవి ఎవరివో తెలియదు. మాలవాళ్ళ కళ్ళు కమ్మవాళ్ళకి పెట్టవచ్చు, సాయిబుల కళ్ళు బ్రాహ్మణులకి పెట్టవచ్చు, ఇద్దరికీ ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. పేరు లేదు, పొగడ్త లేదు, బాకీ తీర్చుకునే దారి లేదు. అలాంటి చోట మనుషులు "సరే" అని ఎందుకంటారు?

నేను విన్న కారణాల్లో దేవుడి పేరు వచ్చింది తక్కువ. "ఎలాగూ మట్టిలో కలిసేవే కదమ్మా" అనేవారు. "ఆయన ఎవరికి ఆపదొచ్చినా ముందుండేవాడు, బతికుంటే ఇవ్వమనే అనేవాడు" అనేవారు. "మా పిల్ల కళ్ళు ఎక్కడో ఒకచోట లోకాన్ని చూస్తూ ఉంటాయి" అనేవారు కన్నవాళ్ళు. వద్దన్నవాళ్ళ కారణాల్లో మాత్రం మతం వాసన ఎక్కువగా ఉండేది. వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడన్న భయం, అవయవలోపంతో పంపిస్తే ఆత్మకి శాంతి ఉండదన్న భయం. అలాగని వాళ్ళు దయలేని మనుషులు కారు. చచ్చిపోయిన కొడుకు వచ్చే జన్మలో చీకట్లో తడుముకుంటాడేమోనని భయపడే తల్లిది ప్రేమ కాక మరేమిటి! ఆ ప్రేమ తన బిడ్డ దగ్గర ఆగిపోయింది, అంతే.

ఒకరోజు ఒక హమాలీ చనిపోయాడు. మిల్లులో బస్తా దించుతూ దించుతూ కూలిపోయాడట, ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదు. భార్యకి నోట మాట రావడం లేదు. తమ్ముడు అడ్డంగా తలూపాడు, "మాలో ఇట్టాంటివి లేవండీ" అని. బలవంతం చేయకూడదన్నది మా పనిలో మొదటి పాఠం, అందుకని లేవబోయాను. గోడకి ఆనుకుని కూర్చున్న అతని తల్లి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, పెట్టించుకునేవోళ్ళకి నొప్పి పుడతాదా?" అని అడిగింది. మత్తు ఇచ్చి చేస్తారమ్మా, ఓర్చుకోగలిగినంతే ఉంటుంది అన్నాను. "మళ్ళా పనికి పోగలుగుతారా?" అంది. చూపొస్తే పోతారు అన్నాను. కాసేపు ఊరుకుంది. కోడలి వైపు చూసింది. కోడలు తలూపింది. "తీసుకోండి" అని బొటనవేలు ముందుకి చాపింది ఇంకుప్యాడ్ కోసం.

ఆవిడ పుణ్యం వస్తుందా అని అడగలేదు. కొడుకు శవం పక్కన కూర్చుని, ముక్కూమొహం తెలియని మనిషికి నొప్పి పుడుతుందా అని అడిగింది. ఆ ప్రశ్న ఆవిడకి ఏ పురాణం నేర్పింది? ఏ ప్రసంగం నేర్పింది? తనకి నొప్పి తెలుసు, పని లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు. ఆ తెలియడంలోంచే వచ్చింది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఒక శివాలయం అర్చకుల ఇంట్లో పెద్దావిడ పోయినప్పుడు మేము మాట పూర్తిచేయక ముందే వాళ్ళ అబ్బాయి, ఆయనకీ అరవై ఉంటాయి, కాగితం అందుకున్నారు. "శ్రీకాళహస్తిలో తిన్నడు బతికుండగానే కన్ను పెకలించి స్వామికి పెట్టాడు. మా అమ్మ పోయాక ఇవ్వడానికి ఆలోచించాలా?" అన్నారు. ఆ క్షణంలో ఆయన చేతికి కలం ఇచ్చింది భక్తే. కన్నప్ప కథ చిన్నప్పటి నుంచీ వినకపోతే అంత తొందరగా ఆ మాట వచ్చేది కాదు. అదే వీధిలో అదే గుడికి వెళ్ళే మరో కుటుంబం పునర్జన్మ భయంతోనే వద్దంది. ఒకే మతం ఒక ఇంట్లో చెయ్యి ముందుకి చాపించింది, ఇంకో ఇంట్లో వెనక్కి లాగింది.

ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్ళ ఇళ్ళలో మాకు అసలు అడిగే పనే ఉండేది కాదు. కమ్యూనిస్టు కుటుంబాలవాళ్ళు వాళ్ళే ఫోన్ చేసేవారు, "నాన్నగారు ఎప్పుడో రాసిపెట్టారు, మీరెప్పుడు వస్తారు" అని. కళ్ళే కాదు, మొత్తం దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చేవాళ్ళు వాళ్ళలో చాలామంది. 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి గారు పోయినప్పుడు ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి అప్పగించిన సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. స్వర్గం ఉందని నమ్మని మనుషులు, తమని కోసి చదువుకోబోయే డాక్టరు పిల్లల కోసం దేహం ఇచ్చిపోయారు. పాపభీతి ఒక్కటే మంచితనానికి ఆధారమైతే ఇది ఎలా జరిగినట్టు?

ఇప్పుడు ఆ పాపభీతి సంగతికి వద్దాం, మీ బెంగ అంతా అక్కడే ఉంది కాబట్టి. పైవాడు చూస్తున్నాడన్న భయం మనుషుల్ని కొంత అదుపులో పెడుతుంది, నేను కాదనను. మొరాకో దేశంలోని మర్రాకేష్‌లో దుకాణదారుల మీద ఒక పరిశోధన చేశారు. డబ్బు మీరు ఉంచుకుంటారా, దానం చేస్తారా అని అడిగితే, మసీదు నుంచి అజాన్ వినిపిస్తున్న సమయంలో దానం వైపు మొగ్గినవాళ్ళు స్పష్టంగా ఎక్కువమంది. వినిపించని వేళ అంతమంది లేరు. నాకు ఇందులో రెండు సంగతులు కనిపిస్తాయి. మతం పిలుపుకి బలం ఉంది. ఆ బలం చెవిన పడుతున్నంతసేపు బాగా పనిచేస్తుంది. మన గుడిగంట విన్నప్పుడు మనకీ అంతే కదా, చేతులు వాటంతటవే జోడించుకుంటాయి, హుండీ దగ్గర జేబులో చెయ్యి పడుతుంది.

1973లో అమెరికాలో ప్రిన్స్‌టన్ దగ్గర మతగురువులు కాబోయే విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటుంది, ఇది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆ పిల్లల్ని ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్ళి ప్రసంగం చేయమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుడి కథ, అంటే దారిలో దెబ్బలు తిని పడి ఉన్న అపరిచితుణ్ణి ఆదుకున్న మనిషి కథ. వాళ్ళు వెళ్ళే దారిలోనే ఒక మనిషిని మూలుగుతూ కూలబడి ఉన్నట్టు కూర్చోబెట్టారు. తీరిగ్గా వెళ్తున్నవాళ్ళలో 63 శాతం ఆగి సాయం చేశారు. ఆలస్యమైపోయింది, తొందరగా వెళ్ళండి అని చెప్పి పంపినవాళ్ళలో ఆగింది 10 శాతమే. సమరయుడి కథ మీద మాట్లాడబోతున్నారా లేదా అన్నది చెప్పుకోదగ్గ తేడా తీసుకురాలేదు. కథ తలలో ఉంది, కాళ్ళు మాత్రం గడియారం వెనక పరిగెత్తాయి. అంతమాత్రాన వాళ్ళ నమ్మకం దొంగ నమ్మకం అనలేం. మనసులో ఉన్నది చేతుల్లోకి రావడానికి నమ్మకం ఒక్కటే చాలదని మాత్రం తెలుస్తుంది. మీవాడికైనా నాకైనా ఇదే వర్తిస్తుంది.

ఎవరూ చూడని చోట మనుషులు ఎలా ఉంటారో చూద్దామని 40 దేశాల్లో పోయిన పర్సుల మీద ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2019లో వచ్చింది. పదిహేడు వేలకు పైగా పర్సులు హోటళ్ళు, బ్యాంకులు, పోలీస్ స్టేషన్ల వంటి చోట్ల కౌంటర్లో ఉన్నవాళ్ళకి ఇచ్చి "ఇది దొరికింది, మీరే చూడండి" అని వెళ్ళిపోయారు. డబ్బు లేని పర్సుల విషయంలో 40 శాతం మంది యజమానిని సంప్రదిస్తే, డబ్బున్న పర్సుల విషయంలో 51 శాతం మంది సంప్రదించారు. ముందుగా అడిగితే మామూలు జనం తలకిందులుగా ఊహించారు, డబ్బుంటే నొక్కేస్తారని. ఆర్థికవేత్తలు కూడా సరిగ్గా ఊహించలేకపోయారు. సాటి మనిషి నష్టపోతాడన్న ఆలోచన, దొంగ అనిపించుకోవడం మనసుకి నచ్చకపోవడం, ఈ రెండూ కలిసి చాలామంది చేత ఆ పని చేయించాయని పరిశోధకులు తేల్చారు. ఇందులో నరకం ప్రసక్తి లేదు.

పుట్టుకతోనే పసిపిల్లలకి మంచి చెడు తెలుసు, సాయం చేసే బొమ్మనే ఎంచుకుంటారు అని 2007లో వచ్చిన ఒక ప్రయోగాన్ని కూడా ఈ చర్చల్లో చాలామంది చూపిస్తారు. నేను దాన్ని వాడను. తర్వాత చాలా ల్యాబులు కలిసి వందలమంది పసివాళ్ళతో మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. మనకి నచ్చిన వైపు ఉందని బలహీనమైన సాక్ష్యాన్ని పట్టుకు వేలాడకూడదు.

అంతకన్నా మన నేల మీద జరిగినవి చూద్దాం. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి గురించి మీకు తెలిసే ఉంటుంది, 1841లో పుట్టి 1909లో పోయారు. బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆమె పేరే పెట్టారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకి వేళకాని వేళలో కూడా పొయ్యి వెలిగించి, కులం అడక్కుండా అన్నం పెట్టిన తల్లి. ఆవిడ గురించి ఒక సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక, అన్నదానం వదిలి కదలలేక వాయిదా వేస్తూ, చివరికి ఒకసారి బయల్దేరారట. దారిలో ఒక పెళ్ళిబృందం ఆకలితో నకనకలాడుతూ, "ఇంకొంచెం ఓపిక పట్టండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అని పిల్లల్ని సముదాయించడం ఆమె చెవిన పడింది. అంతే, వెనక్కి తిరిగి, వాళ్ళకన్నా ముందు ఇంటికి చేరి, వంట చేశారు. స్వామి దర్శనం కాలేదు. ఆవిడ భక్తిని ఎవరం శంకించలేం. దర్శనమా, ఆకలా అన్నప్పుడు భక్తురాలే ఆకలివైపు తిరిగింది. భక్తి ఆమె దయకి అడ్డు పడలేదు, బహుశా ఆసరాగానే నిలిచింది.

ఇక గోరా గారు, గోపరాజు రామచంద్రరావు. కాకినాడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు, నాస్తికుడన్న కారణంతో 1933లో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, తర్వాత అది విజయవాడకి మారింది. ఛాందస బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన, ఆయన భార్య సరస్వతి గారు అంటరానితనాన్ని ఇంట్లోంచే తుడిచేయాలనుకున్నారు. అన్ని కులాలవాళ్ళతో కలిసి ఒకే పంక్తిలో భోంచేశారు, ఆ రోజుల్లో దానికి వెలి వేసేవారు. ఆయన గాంధీగారిని కలిసి నాస్తికత్వం మీద చాలాసార్లు మాట్లాడారు. గాంధీగారు అంతటి రామభక్తుడై ఉండి కూడా, నా ఆస్తికత్వమే ఒప్పని గానీ మీ నాస్తికత్వం తప్పని గానీ నేను చెప్పలేను, మనిద్దరం సత్యాన్ని వెతుకుతున్నవాళ్ళమే అన్న అర్థం వచ్చేలా ఆయనతో అన్నారు. గోరా గారు తన పెద్ద కూతురు మనోరమని దళిత యువకుడు అర్జునరావుకి ఇచ్చి చేయాలనుకుంటే, ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లో తానే దగ్గరుండి చేయిస్తానన్నారు గాంధీగారు. పెళ్ళి మంత్రంలో దేవుడి మాట తీసేసి సత్యం అన్న మాట పెట్టడానికీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. అయినా ఆ పెళ్ళి ఆగలేదు, అదే ఏడాది మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది.

ఆస్తికుడు, నాస్తికుడు ఇద్దరూ ఒక పెళ్ళిపందిరి దగ్గర ఎలా కలిశారు? దేవుడున్నాడా లేడా అన్న దగ్గర కలవలేదు, ఆ పేచీ అలాగే ఉంది. పక్కవాణ్ణి ముట్టుకోకూడదన్న ఆచారాన్ని భరించలేకపోవడం దగ్గర కలిశారు. ఇద్దరి కళ్ళకీ ఆ గీత అన్యాయంగా కనిపించింది.

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం మీకు తెలుసు కదా. కొన్ని తెగలవాళ్ళని పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసిన బ్రిటిష్ చట్టం ఒకటుండేది. ఎరుకల కుటుంబాల్ని ఆ చట్టం కింద తెచ్చి అక్కడ పెట్టారు. ఆ సెటిల్‌మెంట్‌ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, వైద్యం చూశారు, అవన్నీ నిజమే. ఊరు దాటాలంటే అనుమతి, హాజరు వేయించుకోవడం, అనుమానం, అవీ నిజమే. ఆదుకున్న చెయ్యే కాపలా కూడా కాసింది. ఆ చట్టం 1952లో పోయింది గానీ ముద్ర పోలేదు. 1970 దశకంలో గోరా గారి అబ్బాయి లవణం, ఆయన భార్య హేమలత, ఈవిడ జాషువా గారి అమ్మాయి, అక్కడికి వెళ్ళారు. దొంగతనాలు మానేసినవాళ్ళకి పని, పిల్లలకి చదువు, పోలీసులతో మాట సాయం, ఇవి వాళ్ళు ఏళ్ళ తరబడి పెట్టుకున్న పనులు. జోగినీ దురాచారం మీద నిజామాబాద్ జిల్లాలో పోరాడిందీ వాళ్ళే. ఆడపిల్లని దేవత పేరు చెప్పి ఊరికి వదిలేసే ఆ ఆచారాన్ని మతం పేరుతోనే నడిపించారన్నది మనం మర్చిపోకూడదు. ఇక్కడ నాకు కోపం వస్తుంది, దాచుకోను. దేవుడి పేరు పెట్టిన మాత్రాన క్రూరత్వం భక్తి అయిపోదు.

ఒకే మతం దయని ఎంత దూరం తీసుకెళ్ళగలదో, ఎక్కడ ఆపేయగలదో చూడాలంటే శ్రీలంకని చూడాలి. మా నేత్రదానం పనిలో ఉన్నవాళ్ళందరం ఆ దేశం పేరు గౌరవంగా తలుచుకుంటాం. హడ్సన్ సిల్వా అనే డాక్టరు 1961లో అక్కడ నేత్రదాన సంఘం పెట్టారు. బౌద్ధ జాతక కథల్లో శిబి చక్రవర్తి కళ్ళు దానం చేస్తాడు. మనకి తెలిసిన శిబి పావురం కోసం తొడ కోసి ఇచ్చినవాడు, వాళ్ళకి కళ్ళిచ్చినవాడు. భిక్షువులు ఆ కథ చెప్పి, కళ్ళివ్వడం గొప్ప దానమని ప్రోత్సహించారు. జనం ఎంతగా కదిలారంటే వాళ్ళ దేశ అవసరం తీరి, పదుల వేల కార్నియాలు యాభైకి పైగా దేశాలకి వెళ్ళాయి. ముస్లిం దేశమైన పాకిస్తాన్‌కి వెళ్ళినవే వేలల్లో ఉంటాయి. ఒక సింహళ బౌద్ధుడి కళ్ళతో కరాచీలో ఒక ముస్లిం నమాజుకి దారి చూసుకుంటున్నాడు. మతం దయకి ఇంతటి రెక్కలు ఇవ్వగలదు.

అదే దేశంలో 1983 జులైలో ఏం జరిగింది? కొలంబోలో సింహళ గుంపులవాళ్ళు తమిళుల ఇళ్ళు, దుకాణాలు ఏరి ఏరి తగలబెట్టారు, మనుషుల్ని వీధుల్లో చంపారు. తర్వాత పాతికేళ్ళ పైన యుద్ధం. కళ్ళు ఎవరికైనా ఇస్తామన్న సమాజమే, పక్కింటి మనిషి బతుకుని చూడలేకపోయింది. అయితే ఆ మంటల మధ్యే తమిళ కుటుంబాల్ని తమ ఇళ్ళలో దాచి కాపాడిన సింహళీయులు చాలామంది ఉన్నారు. దాచినవాళ్ళు, తగలబెట్టినవాళ్ళు, ఇద్దరూ ఒకే విహారానికి వెళ్ళి ఒకే పంచశీలం చదివి ఉంటారు. వాళ్ళని విడదీసింది మత గ్రంథం కాదు. తలుపు తట్టిన మనిషి మొహం ఒకరికి పొరుగువాడి మొహంలా కనిపించింది, ఇంకొకరికి శత్రువు మొహంలా కనిపించింది. మనుషుల్ని అలా చూడటం ఎవరు నేర్పారు, ఎప్పుడు నేర్పారు అన్నదే నన్ను వెంటాడే ప్రశ్న.

"నాస్తికులు మంచివాళ్ళయినా ఆ మంచి పాఠాలు వాళ్ళ అమ్మమ్మలు చెప్పిన పురాణాల్లోంచి వచ్చినవేగా" అని మీవారు అనవచ్చు. అందులో సగం నిజముంది. సరస్వతి గోరా గారు కూడా పూజలు చేసే ఇంట్లోనే పెరిగారు. కానీ ఆ పాఠాల్లోంచి ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో ఆవిడ ఎలా ఎంచుకున్నారు? దానం ఉంచుకుని అంటు ఎందుకు వదిలేశారు? ఎంచుకోవడానికి ఒక తూనిక ఆవిడ దగ్గర అప్పటికే ఉండాలి కదా. భక్తులూ అదే చేస్తారు. పురాణాల్లో మనకి నచ్చనివి మనమూ పక్కన పెడుతూనే వచ్చాం. ఇది తప్పు అని మనకి లోపల అనిపించాకే దానికి కొత్త అర్థం చెప్పుకుంటాం.

దేవుణ్ణి నమ్మనివాళ్ళకి తక్కువయ్యేది ఒకటుంది. మీవాడికి చూపించాల్సిన భాగం ఇది. మతం దయకి ఒక టైమ్‌టేబుల్ ఇస్తుంది. కార్తీకంలో దానం, రంజాన్‌లో జకాత్, గురుద్వారాలో లంగర్, ఆదివారం చర్చిలో కానుక. మనసుకి బుద్ధి పుట్టినా పుట్టకపోయినా చెయ్యి చాపాల్సిందే. ఇంట్లో చావు జరిగితే పాడె మోయడానికి నలుగురు వస్తారు, దింపుడు కళ్ళం దగ్గర చెవిలో పేరు పెట్టి పిలుస్తారు, పదకొండో రోజో పన్నెండో రోజో వచ్చి పక్కన కూర్చుంటారు. ఆ తంతు పట్టుకుని నిలబడిన కుటుంబాల్ని నేను కళ్ళారా చూశాను. ఏ తంతూ లేని అపార్ట్‌మెంట్ కుటుంబాలు, శవం తీసుకెళ్ళాక ఏం చేయాలో తెలియక, ఫోన్లు పట్టుకుని ఒంటరిగా కూర్చోవడమూ చూశాను. గోరా గారి కుటుంబం నాస్తికత్వాన్ని వాదనగా వదిలేయలేదు, పనిగా మార్చుకుంది, అందుకే నిలబడింది. మీవాడు దేవుడు లేడని ఫ్రెండ్స్ దగ్గర, ఇంటర్నెట్‌లో వాదించి అక్కడే ఆగిపోతే, వాడికి గుడి పోయింది, దాని బదులు ఏమీ రాలేదు. నా బెంగ ఏదైనా ఉంటే అది.

కాబట్టి మీరు గమనించాల్సినవి వేరే ఉన్నాయి. హాస్టల్లో గదులు ఊడ్చే మనిషిని పేరు పెట్టి పిలుస్తాడా, "ఏయ్" అంటాడా? రిజర్వేషన్‌లో వచ్చిన క్లాస్‌మేట్ గురించి ఇంట్లో ఎలా మాట్లాడతాడు? అమ్మమ్మ పూజ చేసుకుంటుంటే వెక్కిరిస్తాడా? వెక్కిరిస్తే అది మాత్రం గట్టిగా ఖండించండి. దేవుణ్ణి నమ్మకపోవడం వాడి హక్కు, ముసలావిణ్ణి చిన్నబుచ్చడం హక్కు కాదు. అలాగే మీ ఇంట్లో పనమ్మాయికి గ్లాసు వేరుగా ఉందేమో మీరూ చూసుకోండి. ఉంటే, ఈ వయసు పిల్లలు దేవుడి మీద నమ్మకం పోగొట్టుకునేది చాలాసార్లు అలాంటి గ్లాసు చూసే. మీ ఇంట్లో అలా లేకపోతే సంతోషం, ఈ మాటకి ఏమనుకోకండి.

మీవారితో ఒక్క మాట. మాట్లాడటం మానేయడం వల్ల వాడు గుడికి రాడు, ఇంటికి రావడం తగ్గిస్తాడు. తండ్రి భక్తిలో దయ ఉందని కొడుక్కి అనిపించాలంటే ముందు ఆ భక్తి కొడుకు మీద దయగా ఉండాలి. గాంధీగారు గోరా గారితో మాట్లాడినట్టు మాట్లాడమనండి, ఒప్పించాలని చూడకుండా, నిజంగా తెలుసుకుందామని. "ఎందుకు నమ్మకం పోయింది నాన్నా" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో ఆపొద్దనండి.

వాడితో కలిసి చేయడానికి ఒక పని కూడా చెబుతాను. రక్తం ఇవ్వడానికి పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, మీవాడికి నిండే ఉంటాయి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు, అరవై అయిదేళ్ళ దాకా. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, అక్కడే వేలి దగ్గర సూదితో చూసి చెబుతారు. మీకు షుగర్‌కి ఇన్సులిన్ వాడకం, గుండె జబ్బు లాంటివి లేకపోతే మీరూ ఇవ్వొచ్చు. మీ ఊళ్ళో ప్రభుత్వాసుపత్రి బ్లడ్ బ్యాంక్ ఎక్కడుందో కనుక్కోండి, తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని జబ్బు ఉన్న పిల్లలకి నెలనెలా రక్తం కావాలి కాబట్టి వాళ్ళకి ఎప్పుడూ కొరతే. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు ముగ్గురూ కలిసి వెళ్ళండి. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, టిఫిన్ తిని వెళ్ళండి.